డిస్క్ ఆలస్యంగా లేస్తే ఆగాల్సింది ఎవరు?

ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన తర్వాత దేవరకొండలోని ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ఆన్ చేస్తారు. లోపలి హార్డ్ డిస్క్ ఎప్పుడో పాడైతే, పాత డిస్క్ ఒకదాన్ని యూఎస్‌బీ డబ్బాలో పెట్టి దానిమీదే ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న యంత్రం అది. నల్లటి తెరమీద "గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ రూట్ ఫైల్ సిస్టమ్ డివైస్" (సిస్టమ్ ఉన్న డిస్క్ కోసం చూసి చూసి వదిలేశాను) అన్న వాక్యం వస్తుంది. దాని కింద పొడవాటి గుర్తింపు సంఖ్య ఉన్న డిస్క్ "డజ్ నాట్ ఎగ్జిస్ట్" అన్న హెచ్చరిక, ఆ కింద బ్రాకెట్లలో "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అన్న మాట, పక్కనే మినుకుమినుకుమనే కర్సర్ కనిపిస్తాయి. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేయడానికి వచ్చినవాళ్లు కౌంటర్ ముందు నిలబడే ఉంటారు. సెంటర్ నడిపే మనిషి పవర్ బటన్ నొక్కి ఆపి, మళ్లీ ఆన్ చేస్తాడు. ఈసారి ఏమీ జరగనట్టు డెస్క్‌టాప్ వస్తుంది.

ఇలాంటి యంత్రాన్ని రిపేరు దుకాణానికి తీసుకెళ్తే చాలాసార్లు వినిపించే తీర్పు "సిస్టమ్ కరప్ట్ అయింది, ఫార్మాట్ కొట్టాలి" అని. రెండోసారి ఆన్ చేసినప్పుడు లేచిందన్న ఒక్క సంగతే ఆ తీర్పును కొట్టివేయడానికి సరిపోతుంది. ఫైళ్లు చెడిపోయి ఉంటే రెండోసారి కూడా చెడిపోయే ఉండాలి కదా. మొదటిసారి రానిది, రెండోసారి వచ్చింది అంటే డిస్క్ లేకపోవడం వేరు, సమయానికి సిద్ధంగా లేకపోవడం వేరు అని అర్థం. ఫార్మాట్ కొడితే ఈ ఆలస్యం తగ్గదు. మీదుమిక్కిలి కస్టమర్ల స్కాన్ కాపీలన్నీ పోతాయి. ఇక్కడ తేల్చాల్సిన విషయం రెండు ప్రశ్నల్లో ఉంది: ఓపిక పట్టలేక ముందుగా చేతులెత్తేసింది ఎవరు, వాళ్లు ఎదురుచూడాల్సింది దేనికోసం. ఈ రెండూ తెలియకుండా ఏ సెట్టింగ్ మార్చినా అది చీకట్లో రాయి విసరడమే.

డిస్క్ ఆలస్యం కావడానికి కారణాలు చాలావరకు భౌతికమైనవే. హార్డ్ డిస్క్‌లోని పళ్లేలు నిమిషానికి 5400 లేదా 7200 చుట్ల వేగం అందుకోవాలి, ఆ తర్వాత చదివే తల తన చోటికి రావాలి, ఆ తర్వాతే డిస్క్ "సిద్ధం" అని చెబుతుంది. మామూలు డిస్క్‌కు దీనికి కొన్ని సెకన్లు పడుతుంది. కంప్యూటర్, డిస్క్ ఎలా మాట్లాడుకోవాలో చెప్పే ఏటీఏ ప్రమాణం మాత్రం డిస్క్‌కు 31 సెకన్ల వరకు గడువు ఇచ్చింది. అంటే ముప్పై సెకన్లకు లేచిన డిస్క్ కూడా నియమం ప్రకారం తప్పు చేసినట్టు కాదు. లేచే సమయంలో విద్యుత్తు కూడా ఎక్కువగా లాగుతుంది; మూడున్నర అంగుళాల డిస్క్ 12 వోల్టుల తీగ మీద ఆ కొన్ని సెకన్లు సుమారు 2 ఆంపియర్లు తీసుకోవడం సాధారణమే, తర్వాత నిలకడగా తిరిగేటప్పుడు అందులో చిన్న భాగమే చాలు.

బోరు మోటార్లున్న ఊళ్లవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్ బిగించిన మోటార్లన్నీ ఒక్కసారే అందుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువు పడుతుందో నల్లగొండ, పాలమూరు రైతులు చూసినవారే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరడానికి ఇదీ ఒక కారణం. నాలుగు, ఎనిమిది డిస్క్‌లున్న సర్వర్లలో కూడా ఇదే సమస్య ఉంటుంది కాబట్టి, డిస్క్‌లను ఒకదాని తర్వాత ఒకటిగా లేపే పద్ధతి, వాటిని బోర్డుకు కలిపే సాటా ప్రమాణంలోనే పెట్టారు. ఆ పద్ధతి అమల్లో ఉన్న కంట్రోలర్ (డిస్క్‌లను నడిపే చిప్) మీద లినక్స్ కూడా పోర్టులను ఒకేసారి వెతకకుండా వరసగా వెతుకుతుంది, "ప్యారలల్ బస్ స్కాన్ డిసేబుల్డ్" అని లాగ్‌లో (జరిగినవన్నీ రాసుకునే చిట్టాలో) రాసిపెడుతుంది. పవర్ సప్లై మీద భారం తగ్గుతుంది గానీ, ఆఖరి డిస్క్ వంతు వచ్చేసరికి చాలా సమయం గడిచిపోతుంది.

యూఎస్‌బీ డబ్బాలో ఉన్న డిస్క్‌ది ఇంకొంచెం కష్టమైన పరిస్థితి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900. రెండున్నర అంగుళాల డిస్క్ లేచే క్షణంలో దీనికి దగ్గరగానో, దీన్ని మించో అడుగుతుంది. పోర్టు పాతదైనా, తీగ పొడవైనా, ఒకే హబ్‌కు ప్రింటరూ వేలిముద్ర యంత్రమూ కలిపి పెట్టినా, డిస్క్ సగం వేగానికి వచ్చి కూలబడి, మళ్లీ మొదటినుంచి లేవడం మొదలుపెడుతుంది. చెవి దగ్గర పెట్టి వింటే టిక్, టిక్ అని రెండు మూడుసార్లు వినిపించి, ఆ తర్వాత సన్నగా గుర్రుమనే చప్పుడు నిలకడ అవుతుంది. ఆ టిక్కుల లెక్కే ఆలస్యం లెక్క.

ఇక ఎదురుచూసేవాళ్ల సంగతి. కంప్యూటర్ ఆన్ అయినప్పటి నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా డిస్క్ కోసం ఎదురుచూసే కాపలాదారులు ముగ్గురు ఉంటారు, ముగ్గురి ఓపికా వేరువేరు, ముగ్గురూ చేతులెత్తేసినప్పుడు చెప్పే మాటా వేరువేరు. అందుకే తెరమీద వచ్చిన వాక్యాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవడం ఎంతో విలువైన పని. రిపేరుకు వెళ్లినప్పుడు "ఏదో ఇంగ్లీషులో వచ్చింది" అని చెప్పడం వల్లనే చాలా యంత్రాలు అనవసరంగా ఫార్మాట్ అవుతాయి.

మొదటి కాపలాదారు బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డులోంచే మొదలయ్యే ప్రోగ్రామ్. అది చేతులెత్తేస్తే "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" వంటి మాట వస్తుంది. ఇంకా ఏ ఆపరేటింగ్ సిస్టమూ మొదలు కాలేదు కాబట్టి ఉబుంటులోనో విండోస్‌లోనో ఏం మార్చినా దీనికి ప్రయోజనం ఉండదు. పాత బోర్డుల్లో డిస్క్ కోసం ఎన్ని సెకన్లు చూడాలో చెప్పే ఎంపిక బయోస్‌లోనే ఉండేది, కొన్నింటిలో 35 సెకన్ల దాకా ఇచ్చేవారు. కొత్త బోర్డుల్లో ఉన్న "ఫాస్ట్ బూట్" అనే ఎంపిక పరికరాల వెతుకులాటను కుదిస్తుంది కాబట్టి, ఆలస్యంగా లేచే డిస్క్ ఉన్న యంత్రంలో దాన్ని ఆపేయడం మంచిది.

రెండో కాపలాదారు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్, దానితోపాటు వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థ. సాటా డిస్క్‌ల విషయంలో లినక్స్ కెర్నల్‌కు ఓపిక తక్కువేమీ కాదు. లింకును రీసెట్ చేసి మొదట 10 సెకన్లు చూస్తుంది, మళ్లీ 10 సెకన్లు, మూడోసారి 35 సెకన్లు, చివరి అవకాశంగా ఇంకో 5 సెకన్లు. పనిచేసే డిస్క్‌లలో నూటికి తొంభైతొమ్మిదికి పైగా 20 సెకన్లలోపే లేస్తాయన్న అంచనా ఆ కోడ్‌లో ఆ అంకెల పక్కనే వ్యాఖ్యగా రాసి ఉంది. మూడో గడువు ఆ మిగిలిన కొద్దిపాటి మందకొడి డిస్క్‌ల కోసం. ఈ సమయంలో లాగ్‌లో "లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్, ప్లీజ్ బీ పేషెంట్" అన్న వాక్యం వస్తుంది. రిపేరు చేసేవాళ్లకు అది అమూల్యమైన సాక్ష్యం, ఎందుకంటే ఆలస్యం సాఫ్ట్‌వేర్‌ది కాదని, డిస్క్ వైపో తీగ వైపో ఉందని అదే చెప్పేస్తోంది.

అయితే పరికరాన్ని కనిపెట్టడం ఒక పని, దాని కోసం మిగతా వ్యవస్థను ఆపి ఉంచడం ఇంకొక పని. ఒకప్పుడు ఈ రెండూ ఒకే పనిలా ఉండేవి: కెర్నల్ వరసగా అన్ని కంట్రోలర్లనూ చూసి, అన్ని డిస్క్‌లనూ లెక్కపెట్టి, ఆ తర్వాతే ముందుకు పోయేది. యూఎస్‌బీ వచ్చాక ఆ పద్ధతి కుదరలేదు. ఏ క్షణంలోనైనా ఏదైనా పరికరాన్ని తగిలించవచ్చు అన్నప్పుడు "ఇక అన్నీ వచ్చేశాయి" అని చెప్పగలిగే క్షణం అంటూ ఒకటి ఉండదు. 2008లో ఇంటెల్ ఇంజనీర్లు ఆర్యన్ వాన్ డి వెన్, ఆకె కోక్ ఒక చిన్న ఈఈఈ పీసీ ల్యాప్‌టాప్‌ను 5 సెకన్లలో లేపి చూపించారు. మరుసటి ఏడాది 2.6.29 కెర్నల్‌లో పనులను సమాంతరంగా నడిపే ఏర్పాటు చేరింది. వేగం పెరిగింది, దాంతోపాటే నిదానంగా లేచే డిస్క్ వెనకబడటమూ పెరిగింది, ఎందుకంటే మిగతా వ్యవస్థ ఇప్పుడు దానికంటే చాలా ముందే గమ్యం చేరుకుంటోంది. ఇదే కారణంగా డిస్క్‌లకు వచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు కూడా ఏ రోజు ఏది ముందు లేచిందన్న దాన్నిబట్టి మారిపోవచ్చు. సెట్టింగుల్లో డిస్క్‌ను ఆ పేరుతో కాకుండా యూయూఐడీ అనే శాశ్వత గుర్తింపు సంఖ్యతో రాయాలన్న నియమం అందుకే వచ్చింది.

ఈ సమస్యకు రెండు రకాల మందులు పుట్టాయి, రెండింటికీ తేడా తెలియకపోవడం వల్ల చాలా గందరగోళం ఉంది. రెండూ కెర్నల్‌కు ఇచ్చే ప్రారంభ ఆదేశంలో రాసే మాటలే. ఒకటి రూట్‌డిలే. కెర్నల్ నేరుగా చదివినప్పుడు దాని అర్థం "ఇన్ని సెకన్లు కళ్లు మూసుకుని కూర్చో" అని. 10 అని రాస్తే, డిస్క్ రెండో సెకనులో వచ్చినా పది సెకన్లూ కూర్చుంటుంది, పదకొండో సెకనులో వస్తే పట్టుకోలేదు. రెండోది రూట్‌వెయిట్. ఇది డిస్క్ కనిపించే దాకా చూస్తుంది, కనిపించగానే కదులుతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుల్లో ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటు వచ్చే ప్రారంభ ఆదేశంలోనే రూట్‌వెయిట్ ఉంటుంది, మెమరీ కార్డు అయినా యూఎస్‌బీ డిస్క్ అయినా ఎప్పుడు సిద్ధమవుతుందో ముందే చెప్పలేరు కాబట్టి. రెండింటిలో రూట్‌వెయిటే మేలైనది, దానికి ఎదురుచూసే వస్తువు ఏదో తెలుసు గనుక. దాని లోపం కూడా అక్కడే ఉంది: డిస్క్ నిజంగా చచ్చిపోయి ఉంటే అది అలాగే కూర్చుని ఉంటుంది, మనిషి వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియదు.

చాలా ఉబుంటు, డెబియన్ (ఇదీ లినక్స్ రకమే) యంత్రాల్లో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఈ రెంటికీ మధ్యస్థంగా నడుస్తుంది. డిస్క్ కోసం 30 సెకన్ల దాకా చూస్తూ ఉంటుంది, కనిపిస్తే వెంటనే వెళ్లిపోతుంది. ఇక్కడ రూట్‌డిలేకు అర్థమే మారిపోతుంది: 30 కంటే పెద్ద అంకె ఇస్తే అది గరిష్ఠ గడువు అవుతుందే తప్ప, అంతసేపూ ఊరికే ఆగడం జరగదు. కాబట్టి 60 లేదా 90 అని రాయడం వల్ల రోజూ ఆలస్యం అవుతుందన్న భయం అక్కర్లేదు. ఆ అంకెను పరీక్షించడానికి శాశ్వతంగా ఏదీ మార్చనవసరం కూడా లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదలుపెట్టే గ్రబ్ మెనూలో "ఇ" అక్షరం నొక్కి, లినక్స్ అన్న పదంతో మొదలయ్యే వరస చివర రాసి, కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ ఒక్కసారికి మాత్రం వర్తిస్తుంది. పనిచేసిందని తేలాకే గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో చేర్చి, అప్‌డేట్-గ్రబ్ ఆదేశం ఇవ్వాలి.

దేవరకొండ యంత్రానికి తిరిగి వస్తే, గ్రబ్ మెనూ, కెర్నల్ రెండూ అదే యూఎస్‌బీ డిస్క్ నుంచే చదవబడ్డాయి. అంటే కెర్నల్ మొదలయ్యేసరికే డిస్క్ తిరుగుతూ ఉండాలి. మరి 30 సెకన్ల పాటు కనిపించకపోవడం ఏమిటి? కెర్నల్ మొదలవగానే యూఎస్‌బీ కంట్రోలర్‌ను తన అధీనంలోకి తీసుకుని రీసెట్ చేస్తుంది. అప్పుడు డబ్బాలోని చిప్ మళ్లీ మొదటినుంచి పరిచయం చేసుకోవాలి. మామూలుగా ఇది ఒకటి రెండు సెకన్ల పని, నిల్వ పరికరం కుదురుకోవడానికి కెర్నల్ తనంతట తానే ఇంకో 1 సెకను ఇస్తుంది. అలాంటిది 30 సెకన్లు దాటిందంటే, పోర్టు ఇచ్చే కరెంటు చాలక డిస్క్ పడుతూ లేస్తూ ఉందనే బలమైన అనుమానం కలుగుతుంది. నిర్ధారించుకోవడం తేలిక. ఆ కర్సర్ దగ్గర ఏమీ చేయకుండా ఓ నిమిషం ఆగి, "బీఎల్‌కేఐడీ" అని కొట్టి చూడాలి. డిస్క్ జాబితాలో ఉంటే "ఎగ్జిట్" అని కొడితే చాలు, ఆగిన చోటు నుంచి యంత్రం ముందుకు సాగుతుంది. పవర్ బటన్ నొక్కి ఆపనవసరం లేదు. ఈ రెండు మాటలు ఒక చీటీ మీద రాసి మానిటర్ పక్కన అతికిస్తే ఆ సెంటర్‌కు ఆ రోజు గడుస్తుంది. అడాప్టర్‌తో విడిగా కరెంటు తీసుకునే హబ్ కొంటే సమస్య మూలం తొలగుతుంది.

ఎదురుచూపులన్నీ ఆలస్యంగా లేచే డిస్క్‌కోసమే అనుకోవడం కూడా పొరపాటే. ఎన్నడూ రాని డిస్క్ కోసం చూసే యంత్రాలూ చాలా ఉన్నాయి. మెమరీకి తోడుగా డిస్క్ మీద ఉంచే పాత స్వాప్ విభాగాన్ని తీసేసినా, దాని గుర్తింపు సంఖ్య ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో మిగిలిపోతే, ప్రతి ఉదయం "గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్" (నిద్రపుచ్చిన యంత్రం స్థితిని దాచే డిస్క్) అని చెప్పి మరీ అర నిమిషం వృథా చేస్తుంది. అక్కడ గడువు పెంచితే వృథా పెరుగుతుంది. రెజ్యూమ్ సెట్టింగ్‌లో "నన్" అని రాసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను కొత్తగా తయారుచేయడమే దానికి మందు.

మూడో కాపలాదారు సిస్టమ్‌డీ, అంటే లినక్స్‌లో మిగతా పనులన్నింటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్. అసలు సిస్టమ్ లేచిన తర్వాత, ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (డిస్క్‌ల జాబితా) ఫైల్‌లో రాసిన మిగతా డిస్క్‌లన్నింటికోసం ఇది ఒక్కోదానికి 90 సెకన్లు చూస్తుంది. తెరమీద ఎర్రటి చుక్కలు అటూ ఇటూ తిరుగుతూ "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అన్న వరస, పక్కన ఒకటిన్నర నిమిషం లెక్క కనిపించేది ఇప్పుడే. గడువు దాటితే యంత్రం ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడిపోతుంది. స్కాన్ కాపీలు దాచే రెండో డిస్క్ ఒక్కటి రాలేదని మొత్తం సెంటర్ ఆగిపోవడం నిజంగా అన్యాయమే, కాబట్టి చాలామంది ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ వరసలో "నోఫెయిల్" అని చేర్చేస్తారు. డిస్క్ వచ్చినా రాకపోయినా యంత్రం లేస్తుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది, దాని గురించి ఎంత హెచ్చరించినా తక్కువే. ఉదాహరణకు రెండో డిస్క్ "స్కాన్లు" అనే ఫోల్డర్ మీద మౌంట్ అవుతుందనుకుందాం, అంటే ఆ ఫోల్డర్ తెరిస్తే డిస్క్‌లోని ఫైళ్లు కనిపిస్తాయి. ఓ రోజు డిస్క్ లేవలేదు. నోఫెయిల్ ఉంది కాబట్టి యంత్రం మామూలుగా లేచింది, "స్కాన్లు" ఫోల్డర్ ఖాళీగా కనిపించింది. పనిలో ఉన్న మనిషి అది గమనించకుండా రోజంతా పాస్‌పుస్తకాలు, కుల ధ్రువీకరణ పత్రాలు స్కాన్ చేసి అందులోనే దాచాడు. అవన్నీ నిజానికి మొదటి డిస్క్ మీద పడ్డాయి. మర్నాడు రెండో డిస్క్ సమయానికి లేచి అదే ఫోల్డర్ మీద మౌంట్ అయింది. నిన్నటి కాపీలు దాని కింద కప్పబడిపోయాయి. చెరిగిపోలేదు, కానీ కంటికి కనిపించవు. "నిన్నటి ఫైళ్లు మాయమయ్యాయి" అన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉన్నది ఇదే. దీనికి ముందుజాగ్రత్త సులువు: డిస్క్ మౌంట్ కాని స్థితిలో ఆ ఖాళీ ఫోల్డర్‌కు "సీహెచ్‌ఏటీటీఆర్" ఆదేశంతో మార్పు నిషేధం పెట్టాలి. డిస్క్ లేని రోజు అందులో ఏదీ దాచడం కుదరదు, మనిషికి వెంటనే తెలుస్తుంది. ఏదైనా సర్వీసు (వెనక నడిచే ప్రోగ్రామ్) తనంతట తాను ఆ డిస్క్ మీద రాసేదైతే, ఆ సర్వీసు ఫైల్‌లో "రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్" అని ఫోల్డర్ దారి రాస్తే, మౌంట్ కానిదే అది మొదలవదు. యంత్రం మొత్తాన్ని ఆపి ఉంచడం కంటే, ఆ డిస్క్ అవసరమున్న పనిని మాత్రమే ఆపడం న్యాయం. గడువును కూడా ఒక్కో డిస్క్‌కు విడిగా మార్చే వీలు ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లోని ఆ డిస్క్ వరసలోనే ఉంది.

రెయిడ్ కట్టిన, అంటే కొన్ని డిస్క్‌లను ఒకే డిస్క్‌లా కలిపిన యంత్రాల్లో ఆలస్యం ఇంకా ఖరీదైనది. రెండు డిస్క్‌ల జంటలో ఒకటి ముందు లేచి, రెండోది రాకముందే వ్యవస్థ ఒక్కదానితోనే పని మొదలుపెడితే, రెండోది వెనకబడిన కాపీ అయిపోతుంది. తర్వాత దాన్ని మళ్లీ సమానం చేయడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో మొదటి డిస్క్ పోతే అంతే. అందుకే లినక్స్‌లో రెయిడ్‌ను నడిపే ఎండీఅడ్మ్ మిగిలిన డిస్క్ కోసం 30 సెకన్లు చూసి, ఆ తర్వాతే ఉన్నదానితో సర్దుకుంటుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో, దుకాణాల్లో ఉండే సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డు చేసే పెట్టె) లోపలా ఒక చిన్న కంప్యూటరే ఉంటుంది, అయితే దానిలో ఈ సెట్టింగులేవీ వాడుకరి చేతికి అందవు. కరెంటు పోయి వచ్చాక "హార్డ్ డిస్క్ లేదు" అని కూతపెట్టే డీవీఆర్‌కు చూడాల్సింది అడాప్టరే. 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉన్న అడాప్టర్ పెద్ద డిస్క్ లేచే క్షణానికి అంచు మీద నిలబడుతుంది. నాలుగేళ్లు వేడిలో పనిచేశాక ఆ అంచు కూడా నిలవదు. అదే వోల్టేజీతో ఎక్కువ ఆంపియర్లున్న మంచి అడాప్టర్ పెడితే డిస్క్ మార్చకుండానే చాలా డీవీఆర్‌లు బాగుపడతాయి.

గడువు పెంచిన ప్రతి యంత్రం మీదా ఒక కన్ను వేసి ఉంచాలి, ఎందుకంటే ఓపిక పెంచడం వల్ల చచ్చిపోతున్న డిస్క్ జబ్బు కూడా కనిపించకుండా పోతుంది. నిరుడు 8 సెకన్లకు లేచిన డిస్క్ ఇప్పుడు 25 సెకన్లకు లేస్తోందంటే, అది వయసు చెబుతోంది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ నివేదికలో 3వ లక్షణం లేవడానికి పట్టే సమయం, 10వది లేవడానికి మళ్లీ ప్రయత్నించిన లెక్క, 197వది చదవడం కష్టమై అనుమానంలో ఉంచిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న గడులు). 199వది (దారిలో చెడిన డేటా లెక్క) మాత్రం పెరుగుతుంటే డిస్క్‌ను కాకుండా ముందు సాటా తీగను అనుమానించాలి. 10వ లక్షణపు అసలు లెక్క సున్నా దాటి కదలడం మొదలైన డిస్క్‌కు రూట్‌డిలే అంకె ఎంత పెట్టాలా అని ఆలోచించడం అనవసరం. అది లేచి ఉన్నప్పుడే, కరెంటు మళ్లీ పోకముందే, అందులోని కాపీలను వేరే డిస్క్ మీదికి తీసుకోవాలి.